చక్రాల ఇంటికి రోడ్డు ట్యాక్సు: ఒక పాత లారీ ఓనరు అనుభవ పాఠాలు

మిర్యాలగూడ మిల్లుల బియ్యం, వాడపల్లి వైపు ఫ్యాక్టరీల సిమెంటు మోసిన లారీలతో బతికినవాణ్ని. ఇప్పుడు బండ్లు అమ్మేసి ఇంటిపట్టున ఉంటున్నా, కొత్త బండి కొనేవాళ్లు కాయితాల సంగతి అడగడానికి ఇంకా వస్తూనే ఉంటారు. ఈమధ్య మా అక్క కొడుకు వచ్చాడు. అమెరికాలో చాన్నాళ్లు ఉండి, తిరిగొచ్చి మహబూబ్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. అమెరికాలో ఉన్నప్పుడు సెలవుల్లో మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుని పిల్లలతో తిరిగిన అలవాటు. ఇక్కడా ఒక ట్రావెలర్ లాంటి బండి కొని, లోపల మంచాలు, పొయ్యి, చిన్న బాత్‌రూము పెట్టించి అమ్మానాన్నలను అలంపురం, శ్రీశైలం, తిరుపతి తిప్పాలని అతని కోరిక. "మామా, దీనికి రోడ్డు ట్యాక్స్ ఎంత పడ్తది?" అని అడిగాడు.

"ఎంత అని అడిగే ముందు, ఏ లెక్కల పడ్తదో తెల్సుకో అల్లుడా" అన్నాను.

మన వైపు ఇలాంటి బండ్లు కొత్తేమీ కాదు. కురుమూర్తి జాతరకు, చెర్వుగట్టుకు గూడుబండి కట్టుకుని, అందులోనే బియ్యం, గిన్నెలు, దుప్పట్లు వేసుకుని పోయిన తరం మాది. 1982లో ఎన్టీఆర్ పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చుకుని ఊరూరా తిరిగినప్పుడు, మనిషి తినడం, పడుకోవడం అన్నీ మోటారు బండిలోనే సాగించవచ్చని జనం చూశారు. సినిమావాళ్ల క్యారవాన్‌లు సరేసరి. అసలు మన మెట్ట ప్రాంతంలో ఏళ్ల తరబడి బండినే ఇల్లు చేసుకున్నవాళ్లు బోరుబండ్ల కూలీలు. తమిళనాడులో నామక్కల్ జిల్లా తిరుచెంగోడు నుంచి రిగ్గులు వచ్చి దేవరకొండలో, కల్వకుర్తిలో, నారాయణపేటలో బోర్లు వేసేవి. వెంట వచ్చే రెండో లారీలోనే వాళ్ల పొయ్యి, వాళ్ల పడక. వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నవి కూడా కింద ఉన్నాయి.

1. ఆర్‌సీలో ఏ మాట పడుతుందో ముందు తేల్చుకోండి

మిగతా పాఠాలన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయి కాబట్టి దీనికి కాస్త ఎక్కువ చోటు ఇస్తున్నాను.

1988 మోటారు వాహనాల చట్టం బండ్లన్నిటినీ రెండు గూళ్లలో పెడుతుంది. ఒకటి ట్రాన్స్‌పోర్ట్, రెండోది నాన్-ట్రాన్స్‌పోర్ట్. ఏ బండి ఏ గూట్లోకి వస్తుందో చెబుతూ కేంద్రం 2004 నవంబరు 5న ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో క్యాంపర్ వ్యాన్ పేరు రెండు చోట్లా కనబడుతుంది. ట్రాన్స్‌పోర్ట్ జాబితాలో ఉత్త క్యాంపర్ వ్యాన్ అని ఉంటే, నాన్-ట్రాన్స్‌పోర్ట్ జాబితాలో సొంత వాడకానికి అయిన క్యాంపర్ వ్యాన్ అని ఉంది. ఒకే కంపెనీ బండి, ఒకే మంచాలు, ఒకే పొయ్యి. మీ ఇంటివాళ్లు మాత్రమే తిరిగితే ఒక గూడు, అద్దెకిస్తే ఇంకో గూడు.

మనకు బాగా తెలిసిన ట్రాక్టరు సంగతీ ఇంతే. వ్యవసాయ ట్రాక్టరు నాన్-ట్రాన్స్‌పోర్ట్ జాబితాలో ఉంది. రోడ్డు మీద తిరిగే ట్రాక్టరు ట్రాన్స్‌పోర్ట్ జాబితాలోనూ ఉంది. పొలానికి ఎరువు తోలినంత సేపు ఎవరూ పట్టించుకోరు. అదే ట్రాలీతో వాగులో ఇసుక కిరాయికి కొడితే బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఆపినప్పుడు మాట మారిపోతుంది. బోరు రిగ్గు బిగించిన లారీ చూడటానికి ఎంత పెద్దదైనా ఆ జాబితా ప్రకారం నాన్-ట్రాన్స్‌పోర్టే. బరువు, పొడవు చూసి ఏ గూడో ఊహించుకోవద్దు.

మా అల్లుడి లాంటివాళ్లకు ఇక్కడే ఆశ పుడుతుంది. నెలకు నాలుగు రోజులు మనం తిరిగి, మిగతా రోజులు సోమశిలకో నాగార్జునసాగర్‌కో పోయేవాళ్లకు అద్దెకిస్తే ఈఎంఐ వెళ్లిపోతుంది కదా అని. అద్దెకివ్వడంలో తప్పు లేదు. అప్పుడు పసుపు ప్లేటు, పర్మిటు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ట్రాన్స్‌పోర్ట్ పన్ను అన్నీ రావాలి. తెల్ల ప్లేటు పెట్టుకుని రహస్యంగా అద్దెకు తిప్పితే పన్ను ఎగవేత ఒక ఎత్తు, ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేయడం ఇంకో ఎత్తు. తెల్ల ప్లేటు కార్లను కిరాయికి నడిపి, యాక్సిడెంటు తర్వాత కోర్టుల చుట్టూ తిరిగిన కుటుంబాలను చూశాను. పొలం అమ్మి పరిహారం కట్టినవాళ్లున్నారు.

ఈ నిర్ణయం బండి కొన్నాక తీసుకునేది కాదు. షోరూం మెట్లెక్కక ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి.

2. లైఫ్ ట్యాక్సుకు, క్వార్టర్ ట్యాక్సుకు తేడా పట్టుకోండి

వాహనాల మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకిచ్చింది. రాష్ట్ర జాబితాలో 57వ అంశం అది. మనకు 1963 నాటి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల పన్నుల చట్టం ఉంది. 2014లో రాష్ట్రం వేరుపడ్డాక తెలంగాణ దాన్నే తనదిగా చేసుకుని రేట్లు మార్చుకుంటూ వస్తోంది. అందుకే కర్నూలులో చెప్పిన అంకె గద్వాలలో పనికిరాదు. మధ్యలో ఉన్నది తుంగభద్ర ఒక్కటే అయినా పట్టికలు వేరు.

సొంత కారు లాంటి బండికి రిజిస్ట్రేషన్ రోజునే ఒకేసారి కట్టేది లైఫ్ ట్యాక్సు. లారీకి, కిరాయి బండికి మూడు నెలలకోసారి కట్టేది క్వార్టర్ ట్యాక్సు. ఏప్రిల్, జూలై, అక్టోబరు, జనవరి ఒకటో తారీఖులు లారీ ఓనర్లకు పండగ తేదీల్లా గుర్తుంటాయి.

2022 మే నుంచి తెలంగాణలో సొంత కార్ల లైఫ్ ట్యాక్సు ఇలా ఉండేది: 5 లక్షల లోపు ధరకు 13 శాతం, 10 లక్షల వరకు 14, 20 లక్షల వరకు 17, ఆ పైన 18. 2025 ఆగస్టులో ఖరీదైన బండ్లకు మళ్లీ పెంచారు. 20 లక్షలు దాటితే 20 శాతం, 50 లక్షలు దాటితే 21 శాతం అయింది.

ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటుంది. ఇన్‌కంట్యాక్సులో మెట్టు దాటిన భాగానికే పెద్ద రేటు పడుతుంది. ఇక్కడ మెట్టు దాటితే మొత్తం ధర మీద పెద్ద రేటు పడుతుంది. 2022 పట్టికనే తీసుకోండి. 9 లక్షల 90 వేల బండికి 14 శాతం చొప్పున 1,38,600 రూపాయలు. 10 లక్షల 10 వేల బండికి 17 శాతం చొప్పున 1,71,700. ధరలో తేడా 20 వేలు, పన్నులో తేడా 33 వేలు. షోరూం కుర్రాడు అంటగట్టే పై హంగులు బిల్లులో చేరి బండి ధరను మెట్టు దాటిస్తాయేమో కూడబెట్టి చూసుకోండి.

మోటార్‌హోమ్‌కు ఇది మరీ ముఖ్యం. ఎందుకంటే ఉత్త బండి ధర ఒకటి, లోపల ఇల్లు కట్టాక ధర ఇంకోటి. కంపెనీ నుంచే తయారై వచ్చిన 35 లక్షల బండి కారు పట్టికలో పడితే 20 శాతం లెక్కన 7 లక్షలు. ఆ డబ్బు మా కాలంలో సగం లారీ ధర. సీట్ల సంఖ్యను బట్టి బండి వేరే పట్టికలోకి జారే వీలుంది కాబట్టి, బయానా ఇచ్చే ముందు ఆ మోడల్‌ను ఏ క్లాసు కింద రిజిస్టర్ చేస్తారో జిల్లా ఆర్‌టీఏ ఆఫీసులో కాయితం మీద అడిగి తెలుసుకోండి. నోటి మాట వద్దు.

3. ఎవరి పేరు మీద కొంటున్నారు?

ఇది చిన్న పాఠమే, డబ్బు మాత్రం పెద్దది. కంపెనీ పేరు మీద కొంటే ఖర్చు చూపించుకోవచ్చని ఆడిటర్లు చెబుతారు. మన రాష్ట్రంలో సంస్థల పేరు మీద కొనే కార్లకు లైఫ్ ట్యాక్సు వ్యక్తుల కంటే ఎక్కువ. 2022 పట్టికలో 13కి 15, 14కి 16, 17కి 19, 18కి 20 అన్నట్టు రెండేసి శాతం పైన ఉండేది. అలాగే ఒకరి పేరు మీద ఇప్పటికే ఒక కారుండి రెండోది కొంటే అదనంగా రెండు శాతం వేసే పద్ధతి ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచీ ఉంది. మా అల్లుడి పేరు మీద ఒక కారుంది. మా అక్క పేరు మీద ఏమీ లేదు. 35 లక్షల మీద రెండు శాతమంటే 70 వేలు. తిరిగేది ఆమె కోసమే కాబట్టి ఆమె పేరు మీద కొనడంలో న్యాయమూ ఉంది, లాభమూ ఉంది.

4. కొన్న బండిని ఇష్టమొచ్చినట్టు కోయించవద్దు

ఇక్కడ కాస్త గట్టిగా చెప్పాలి. మన ఊళ్లలో బాడీ బిల్డింగ్ మేస్త్రీలు చేతిపని తెలిసినవాళ్లు. పాత మినీ బస్సు ఇస్తే సీట్లు పీకి మంచం, అల్మారా, సింకు అన్నీ పెట్టేస్తారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. చట్టం ముందు నిలబడదు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఓనరు తనంత తాను మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన జయచంద్ర కేసులో ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ప్రతి మార్పుకూ 5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు అని చట్టంలో చేరింది. ఆర్‌సీలో పదమూడు సీట్లు అని ఉండి లోపల నాలుగే కనిపిస్తే, మంచానికి గ్యాస్ సిలిండరు ఆనుకుని ఉంటే, ఎఫ్‌సీకి పోయినప్పుడు ఏం చెబుతారు?

సరైన దారి ఒకటుంది. మోటార్ క్యారవాన్ అంటే కూర్చునే సీట్లు, బల్ల, పడుకునే చోటు, వంటకు ఏర్పాటు, సామాను పెట్టుకునే చోటు ఉండాలని కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. దాని భద్రతకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి పరీక్షా సంస్థ ఆమోదించిన నమూనా ప్రకారం, అనుమతి ఉన్న బిల్డరు తయారు చేసిన బండికే ఆర్‌సీలో క్యారవాన్ అన్న మాట నిలుస్తుంది. ఖర్చు ఎక్కువే. కానీ రాత్రిపూట ముసలివాళ్లు పడుకునే బండి అది. కరెంటు తీగ, గ్యాసు గొట్టం, అగ్గి మంట ఒకే పెట్టెలో ఉంటాయి. ఇటీవలి ఏళ్లలో హైవేల మీద బస్సులు నిమిషాల్లో కాలిపోవడం చూశాక ఈ విషయంలో బేరం ఆడకూడదని నా గట్టి నమ్మకం.

ఛాసిస్ కొని బాడీ కట్టించేటట్టయితే తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకుని, బాడీ పూర్తయ్యాక పర్మనెంటు చేయించుకోవాలి. ఛాసిస్ బిల్లు, బాడీ బిల్లు రెండూ అసలువే దాచండి. పన్ను లెక్క వాటితోనే తేలుతుంది. బాడీ బిల్లు తక్కువ రాయించుకుంటే పన్ను మిగులుతుందని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. రేపు బండి కాలిపోతే ఇన్సూరెన్స్ వాడు ఆ తక్కువ బిల్లునే పట్టుకుంటాడు.

రంగు కూడా చూసుకోవాలి. ఆలివ్ గ్రీన్ రంగు రక్షణ శాఖ బండ్లకే అని కేంద్ర నిబంధనల్లో 121వ రూలు చెబుతోంది. 2022 డిసెంబరులో పవన్ కల్యాణ్ ప్రచార వాహనం వారాహి విషయంలో ఈ రంగు గొడవే పత్రికలకెక్కింది. ఆ బండి రిజిస్టరైంది మన తెలంగాణలోనే. రంగు నిబంధనలకు లోబడే ఉందని రవాణా శాఖ అధికారులు చెప్పాక ఆ చర్చ సద్దుమణిగింది.

5. పక్క రాష్ట్రంలో చవక అని పరుగెత్తవద్దు

బోరుబండ్ల దగ్గర నేర్చుకున్న పాఠం ఇది. తమిళనాడు నంబరుతో వచ్చిన రిగ్గు ఎండాకాలమంతా మన జిల్లాల్లోనే ఉండేది. నల్లగొండ మెట్టల్లో వెయ్యి అడుగులు తవ్వినా నీళ్లు పడని రోజుల్లో వాటికి పని తీరేది కాదు. ఒక సీజను కోసం వచ్చి పోయేవాళ్లకు ఒక లెక్క, ఇక్కడే గుడారం వేసినవాళ్లకు ఇంకో లెక్క. చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి. అంటే అక్కడి నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్సు, పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి వాపసు కోసం దరఖాస్తు. తెలివైన రిగ్గు ఓనర్లు ఎన్నాళ్లు ఇక్కడున్నారో చూపడానికి డీజిలు బిల్లులు, టోలు రసీదులు తేదీల వారీగా కుట్టి పెట్టుకునేవాళ్లు. ఆపినవాళ్లకు ఆ కట్ట చూపిస్తే వాదన ముగిసేది.

పుదుచ్చేరిలో పన్ను తక్కువని అక్కడి అడ్రసు పుట్టించి ఖరీదైన కార్లు కొన్నవాళ్ల కథలు 2017లో కేరళలో కేసుల దాకా పోయాయి. మోటార్‌హోమ్ కొనేవాళ్లకూ ఇదే సలహా ఇచ్చే బ్రోకర్లున్నారు. ఉండేది పాలమూరులో, బండి పండుకునేది పాలమూరులో, అడ్రసు మాత్రం సముద్రం ఒడ్డున! ఆ అబద్ధాన్ని పదిహేనేళ్లు మోయాలి. వద్దు.

6. నడవని రోజులకు పన్ను కట్టాలా?

మోటార్‌హోమ్ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంటి ముందే నిలబడి ఉంటుంది. లైఫ్ ట్యాక్సు కట్టిన తెల్ల ప్లేటు బండికి ఈ ప్రశ్నే లేదు, కట్టింది కట్టినట్టే. క్వార్టర్ పన్ను బండికి మాత్రం ఇది ప్రాణం లాంటి విషయం.

లారీ ఓనర్లు దీన్ని స్టాపేజీ అంటారు. మన పన్నుల నిబంధనల్లో 12-ఏ రూలు ప్రకారం, వచ్చే క్వార్టరులో బండి రోడ్డెక్కదని ఆ క్వార్టరు మొదలవక ముందే రాసిచ్చుకోవాలి. రాసివ్వకపోతే బండి వాడకంలో ఉన్నట్టే లెక్క. ఇంజన్ దించి షెడ్డులో పెట్టినా, టైర్లు లేకుండా ఇటుకల మీద నిలబెట్టినా పన్ను పడుతుంది. మిర్యాలగూడలో సీజను లేని నెలల్లో ఎంతమంది ఓనర్లు ఈ ఒక్క కాయితం ఇవ్వక నష్టపోయారో! తారీఖు దాటిన మర్నాడు పోయి బతిమాలినా లాభం లేదు.

2025 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఇదే 1963 చట్టం మీద ఒక మంచి తీర్పు చెప్పింది. విశాఖ ఉక్కు కర్మాగారం ప్రహరీ లోపలి యార్డులో మాత్రమే తిరిగిన 36 బండ్లకు పన్ను అడిగితే, తారాచంద్ లాజిస్టిక్స్ అనే సంస్థ కోర్టుకు పోయింది. చట్టంలో ఉన్న మాట 'పబ్లిక్ ప్లేసులో వాడితే, లేదా వాడటానికి ఉంచితే' అని. సామాన్యులు రాలేని ప్రహరీ లోపల తిరిగిన బండి పబ్లిక్ ప్లేసులో వాడినట్టు కాదని, ఆ కాలానికి పన్ను పడదని కోర్టు తేల్చింది. రోడ్డును వాడుకునేవాడు రోడ్డు కోసం కట్టేదే ఈ పన్ను అన్న మూలసూత్రాన్ని కోర్టు మళ్లీ గుర్తు చేసినందుకు నా లాంటివాడికి ఎంత సంతోషమో చెప్పలేను.

అయినా ఆ తీర్పు పట్టుకుని, మన ఇంటి ముందు వీధిలో నిలిపిన క్యారవాన్‌కు పన్ను మానేద్దామనుకోకండి. వీధి పబ్లిక్ ప్లేసే. స్టాపేజీ కాయితం ఇవ్వండి, దాని మీద ముద్ర కొట్టించుకున్న నకలు దాచండి.

7. పన్ను మీ చేత్తోనే కట్టండి

మా తోటి ఓనరు ఒకాయన ప్రతి క్వార్టరూ ఒక ఏజెంటుకు డబ్బిచ్చేవాడు. రసీదులూ అందేవి. ఒక రోజు చెకింగులో బండి నంబరు కొడితే ఏడాది నుంచి పన్నే కట్టలేదని తేలింది. రసీదులన్నీ ఎక్కడో ప్రింటు తీసినవి. పన్నుకు పన్ను, మీద పెనాల్టీ, లోడు దించుకుని ఇంకో బండిలో ఎక్కించిన ఖర్చు వేరే. ఇప్పుడు ఫోనులోనే కట్టే సౌకర్యం ఉంది. కట్టిన అరగంట తర్వాత మీ బండి నంబరు కొట్టి, పన్ను ఏ తేదీ వరకు ఉందో మీ కళ్లతో చూసుకోండి. ఏజెంటు సాయం తీసుకోండి, తప్పులేదు, వాళ్లూ బతకాలి. డబ్బు మాత్రం మీ ఖాతా నుంచే పోవాలి.

ఈ సందర్భంగా ఒక మాట ప్రభుత్వానికి. పన్నుల పట్టిక తెలుగులో, పెద్ద అక్షరాల్లో ప్రతి ఆర్‌టీఏ ఆఫీసు గోడ మీద ఉండాలి. అచ్చంపేట నుంచి వచ్చిన ఆటో డ్రైవరు తాను కట్టాల్సిందెంతో ఎవరినీ అడగకుండా చదువుకోగలగాలి. ఏజెంటు మోసాలు సగం అక్కడే ఆగుతాయి.

8. సరిహద్దు

2014 జూన్ 2 దాకా కోదాడ దాటితే జగ్గయ్యపేట, అలంపూర్ చౌరస్తా దాటితే కర్నూలు, అంతా ఒకటే రాష్ట్రం. 2015 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్ర నంబరు కిరాయి బండ్లకు తెలంగాణ పన్ను వేయడం మొదలుపెట్టింది. ఆ రాత్రి సరిహద్దులో బండ్లు బారులు తీరాయి. నిన్నటి దాకా ఒకే పర్మిటు మీద తిరిగిన లారీకి రెండు రాష్ట్రాల లెక్క వచ్చింది. పసుపు ప్లేటు మోటార్‌హోమ్ కొనేవాళ్లు తిరుపతి ప్రయాణం అనుకున్నప్పుడే ఈ లెక్క వేసుకోవాలి. తెల్ల ప్లేటు బండికి యాత్రకు పోయి వచ్చేంత వరకు ఈ బాధ లేదు.

2025 అక్టోబరులో తెలంగాణ తన రవాణా చెక్‌పోస్టులను ఎత్తేసింది. ఎంతో కాలంగా లారీవాళ్లు కోరుకున్నది జరిగింది. చెక్‌పోస్టు పోయినంత మాత్రాన పన్ను పోలేదు. ఇప్పుడు కెమెరా నంబరు చదివి, చలాను ఇంటికే పంపుతుంది.

9. రోడ్డు ట్యాక్సు కట్టామని అన్ని దారులూ మనవి కావు

పంతంగి దగ్గరో, కొర్లపహాడ్ దగ్గరో టోలు అడిగితే "రోడ్డు ట్యాక్సు కట్టినం కదా" అని గొడవపడేవాళ్లను ఇప్పటికీ చూస్తాం. రోడ్డు ట్యాక్సు రాష్ట్రానిది, టోలు ఆ జాతీయ రహదారిది. కారుకు ఒక రేటు, మినీ బస్సుకు అంతకంటే ఎక్కువ. మీ బండి ఏ క్లాసులో పడిందో ఫాస్టాగ్ తీసుకునేటప్పుడే చూసుకోండి. 2025 ఆగస్టు 15న 3 వేల రూపాయల ధరతో మొదలైన ఏడాది పాసు సొంత కారు, జీపు, వ్యానులకే. పసుపు ప్లేటుకు లేదు. అది 200 టోలు దాటుళ్లకో, ఏడాదికో, ఏది ముందు పూర్తయితే దానితో సరి.

శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అటవీ శాఖ గేటు మూస్తుంది. అమ్రాబాద్ పులుల అడవి అది. మోటార్‌హోమ్ ఉంది కదా, అడవి మధ్యలో పక్కకు ఆపి పడుకుందామనుకోకండి. పులి మాట అటుంచి, ఆ అడవిలో పొయ్యి వెలిగిస్తే చెంచుల బతుకు కాలిపోతుంది. సాయంత్రానికే మన్ననూరు చేరి అక్కడే ఆగండి.

10. లైసెన్సు, వయసు

ఏడున్నర టన్నుల లోపు బరువున్న బండిని కారు లైసెన్సుతోనే నడపవచ్చు. కిరాయి బండి అయినా అంతేనని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆర్‌సీలో బండి మొత్తం బరువు ఎంత రాశారో చూసుకోండి. నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, మంచాలు కలిస్తే బరువు తెలియకుండానే పెరుగుతుంది.

సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. ఆ తర్వాత రెన్యూవల్, దానితో పాటు గ్రీన్ ట్యాక్సు. చవకగా వస్తుందని పన్నెండేళ్ల బండి కొని క్యారవాన్ చేయించేవాళ్లు, మిగిలింది మూడేళ్లేనన్న సంగతి లెక్కలో వేసుకోవాలి. ఎలక్ట్రిక్ కార్లకు తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. బ్యాటరీతో నడిచే చక్రాల ఇల్లు మన దాకా వచ్చేసరికి ఆ గడువు ఉంటుందో లేదో చూసుకుని అడుగు వేయండి.

11. పాత మోటార్‌హోమ్ కొనేటప్పుడు

మా అల్లుడు చివరికి కొత్తది మానుకుని, బెంగళూరులో ఒకరు అమ్ముతున్న రెండేళ్ల బండి చూసొచ్చాడు. ధర బాగుంది. "కర్ణాటకల లైఫ్ ట్యాక్స్ కట్టి ఉన్నదంట మామా" అన్నాడు సంబరంగా.

అది అక్కడి ప్రభుత్వానికి కట్టింది. ఇక్కడ మన పట్టిక ప్రకారం మళ్లీ కట్టాలి. బండి వయసును బట్టి కొంత తగ్గుతుందే తప్ప మొత్తం పోదు. అక్కడ మిగిలిన కాలానికి వచ్చే వాపసు ఎవరికి చెందుతుందో అమ్మేవాడితో ముందే కాయితం రాసుకోమన్నాను. ఆ డబ్బు చిన్నది కాదు. ఇంకా చూడమన్నవి: ఆర్‌సీలో క్యారవాన్ అని ఉందా, ఉత్త బస్సని ఉందా, పాత చలాన్లు ఎన్ని ఉన్నాయి, బ్యాంకు అప్పు తీరినట్టు ఆర్‌సీలో ఎక్కిందా, 29, 30 ఫారాల మీద సంతకాలు ఎవరివి. రాష్ట్రం దాటే బండికి 28వ ఫారం, అంటే ఎన్‌వోసీ, అన్నిటికంటే ముఖ్యం.

వచ్చే వారం అమ్మేవాడితో కూర్చోవడానికి నన్నూ రమ్మన్నాడు. వెళ్తాను. ఎన్‌వోసీ చేతికి వచ్చేదాకా సగం డబ్బు దగ్గరే పెట్టుకోమని మాత్రం ఇప్పటికే చెప్పి ఉంచాను.